కొత్త కారు అద్దాలకు కంపెనీ రంగు: ఎంత నలుపు చెల్లుతుంది, ఏది చలానాకు దారి తీస్తుంది?

కొత్త కారు బుక్ చేసుకున్న ప్రతి ఇంట్లో ఈ చర్చ వస్తుంది. అద్దాలు కాస్త నల్లగా ఉంటే బాగుండు అని ఇంట్లో ఆడవాళ్లు అంటారు. ఎండకు పిల్లలు అల్లాడిపోతున్నారని అమ్మీ అంటుంది. షోరూంలో సేల్స్ వాళ్లేమో "సార్, కూలింగ్ ఫిల్మ్ వేసి ఇచ్చేస్తాం, యాక్సెసరీస్‌లో కలిపేస్తాం" అంటారు. వారం తిరగకుండానే ఏ సిగ్నల్ దగ్గరో ట్రాఫిక్ పోలీసు బండి ఆపుతాడు. షోరూం వాళ్లే వేశారండీ అన్నా అక్కడ వినేవాళ్లుండరు. చలానా బండి నంబరు మీద పడుతుంది, అది కట్టాల్సింది బండి యజమానే.

ఈ గందరగోళానికి కారణం ఒక్కటే. అద్దంలోనే కలిసి వచ్చే రంగు వేరు, అద్దం మీద అతికించే ఫిల్మ్ వేరు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ చట్టం మాత్రం రెండింటినీ వేరుగా చూస్తుంది. పరదా కోసమో, ఎండ కోసమో, చర్మ సమస్య కోసమో అద్దాల గురించి ఆలోచిస్తున్న కుటుంబాలు డబ్బు కట్టకముందే తెలుసుకోవాల్సిన విషయాలు ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

కంపెనీ రంగు అంటే ఏమిటి?

మామూలు తెల్ల గాజు తన మీద పడిన వెలుగులో దాదాపు 90% లోపలికి వదులుతుంది. కార్ల కోసం గాజు కరిగించేటప్పుడే అందులో కొద్దిగా ఐరన్ ఆక్సైడ్ కలుపుతారు. దాంతో గాజుకు లేత ఆకుపచ్చ రంగు వస్తుంది. కోబాల్ట్, సెలీనియం లాంటివి కలిపితే బూడిద రంగు వస్తుంది. ఈ రంగు గాజు మందం అంతటా ఉంటుంది. గోరుతో గీకినా రాదు, ఎండకు పొక్కులు లేవదు, ఏళ్లు గడిచినా ఊదారంగులోకి మారదు. బ్రోచర్లలో "గ్రీన్ టింట్", "టింటెడ్ గ్లాస్", "యూవీ కట్ గ్లాస్" అని రాసేది ఎక్కువగా ఈ రకం గాజునే.

ఫిల్మ్ సంగతి వేరు. అది పల్చటి ప్లాస్టిక్ పొర. జిగురుతో అద్దం లోపలి వైపు అతికిస్తారు. నాసిరకం ఫిల్మ్ రెండు మూడు వేసవులకే బుడగలు కట్టి రంగు మారిపోతుంది.

రెండింటిలో ఏదో తెలుసుకోవడం సులువే. అద్దాన్ని సగం దించి పైఅంచు చూడండి. ఫిల్మ్ అయితే అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల కిందే ఆగిపోయి ఒక గీత కనిపిస్తుంది. కంపెనీ రంగు అయితే చివరి అంచు దాకా ఒకేలా ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేసుకోవాలి. పాత ఓనరు వేయించిన ఫిల్మ్‌కు కొత్త ఓనరే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

చట్టంలో ఉన్న రెండు అంకెలు: 70, 50

మన దేశంలో కారు అద్దాల సంగతి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 100వ నిబంధనలో ఉంది. అందులో గుర్తు పెట్టుకోవాల్సినవి రెండే అంకెలు. ముందు అద్దం, వెనుక అద్దం తమ మీద పడిన వెలుగులో కనీసం 70% లోపలికి పంపాలి. పక్క అద్దాలు కనీసం 50% పంపాలి. ఈ లెక్కనే వీఎల్‌టీ అంటారు, అంటే అద్దంలోంచి దాటి వచ్చే వెలుగు శాతం. వీఎల్‌టీ ఎక్కువైతే అద్దం తెల్లగా, తక్కువైతే నల్లగా ఉంటుంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. 50% అంటే సగం నలుపు వేయించుకోవచ్చని అనుకుంటారు. కాదు. అద్దం, దాని మీద ఏముంటే అది, అన్నీ కలిపి చివరికి సగం వెలుగు లోపలికి రావాలి.

ఇంకో విషయం గమనించండి. మన నిబంధనలో వెనుక అద్దానికీ 70% అనే ఉంది. వెనుక కూర్చునేది ఆడవాళ్లే కదా, వెనుక అద్దం నల్లగా ఉంటే ఏమవుతుంది అనుకోవడానికి లేదు. డ్రైవరు మధ్య అద్దంలో వెనుక వచ్చే బండిని చూసేది ఆ వెనుక అద్దంలోంచే.

సుప్రీంకోర్టు ఏమంది?

2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా ఆ ధర్మాసనంలో ఉన్నారు. నల్లటి అద్దాల చాటున నేరాలు జరుగుతున్నాయి, రాత్రిపూట ప్రమాదాలూ జరుగుతున్నాయి అన్నది పిటిషన్‌లోని ప్రధాన వాదన.

కోర్టు చెప్పినదాని సారాంశం ఇది. 100వ నిబంధన ప్రకారం అద్దం 70%, 50% లెక్కతో తయారు కావాలి, ఆ తర్వాత కూడా అలాగే ఉండాలి. కంపెనీ ఆ పరిమితికి లోబడి రంగు అద్దాలతో బండి తయారు చేయవచ్చు. కానీ బండి బయటికి వచ్చాక అద్దాల మీద నల్ల ఫిల్మ్ గానీ, మరే ఇతర పదార్థం గానీ అతికించకూడదు. ఫిల్మ్ వీఎల్‌టీ ఎంతైనా సరే. ఈ ఆదేశం 2012 మే 4 నుంచి అమల్లోకి వచ్చింది.

ఫిల్మ్ కంపెనీలు, ఇంకొందరు మళ్లీ కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది ఆగస్టులో కోర్టు తన మాట మీదే నిలబడింది. పోలీసులు చలానా రాయడమే కాదు, ఫిల్మ్ తీసేయాలని కూడా స్పష్టం చేసింది. మినహాయింపు దక్కింది జడ్, జడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్లకు మాత్రమే, అదీ అధికారుల కమిటీ అనుమతిస్తేనే. అదే ఆదేశంలో బండి యజమానులకు పనికొచ్చే మాట కూడా ఒకటి ఉంది. కంపెనీ ఇచ్చిన అద్దం విషయంలో కావాలని తప్పుడు చలానా రాసిన అధికారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు.

హైదరాబాద్‌లో అప్పటి నుంచి స్పెషల్ డ్రైవ్‌లు నడుస్తూనే ఉన్నాయి. 2022లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర పేరున్న సినిమా వాళ్ల కార్లకు కూడా పోలీసులు నల్ల ఫిల్ములు పీకేశారు. పెద్దవాళ్ల బండ్లను వదిలేస్తారులే అన్న మాట అక్కడ పనిచేయలేదు.

తర్వాత రూలు మారిందంటున్నారు, నిజమేనా?

ఈ మధ్య ఫిల్మ్ షాపుల వాళ్లు "ఇప్పుడు లీగల్ అయిపోయింది, హైకోర్టు తీర్పు ఉంది" అని చెబుతున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, పూర్తి నిజం లేదు.

100వ నిబంధనను సవరించారు. 2021 ఏప్రిల్ 1 నుంచి సేఫ్టీ గ్లాస్‌తో పాటు "సేఫ్టీ గ్లేజింగ్" అనే మాట కూడా అందులో చేరింది. లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న గాజు కూడా ఈ గ్లేజింగ్ కిందికి వస్తుంది. దీని ప్రమాణం ఐఎస్ 2553 రెండో భాగం, 2019 కూర్పు. ఈ సవరణను చూపిస్తూ 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ముందు, వెనుక అద్దాలకు 70%, పక్క అద్దాలకు 50% తగ్గకుండా, ప్రమాణానికి సరిపోయే ఫిల్మ్ ఉంటే ఆ బండికి జరిమానా వేయడం కుదరదని చెప్పింది.

అయితే మూడు విషయాలు మరిచిపోవద్దు. ఒకటి, కేరళ హైకోర్టు మాటను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు పరిగణనలోకి తీసుకోవచ్చు గానీ తప్పనిసరిగా పాటించాలని లేదు. రెండు, మన రోడ్ల మీద ట్రాఫిక్ పోలీసు చెప్పేది ఇప్పటికీ 2012 నాటి సుప్రీంకోర్టు మాటే. మూడు, ఆ తీర్పు కూడా 70, 50 అంకెలను సడలించలేదు. కళ్లకు నల్లగా కనిపించే ఫిల్మ్ ఏ లెక్క ప్రకారం చూసినా తప్పే.

కాబట్టి షాపువాడు తీర్పు ప్రింటవుట్ చేతికిచ్చినా సిగ్నల్ దగ్గర మీ బండికి అది గ్యారంటీ కాదు. కోర్టులో గెలవడం వేరు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వలీమాకు వెళ్తూ నడిరోడ్డు మీద వాదించడం వేరు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

"సార్, ఇది 70% ఫిల్మ్, లీగల్" అని షాపులో చెబుతారు. ఆ 70% ఫిల్మ్‌ది మాత్రమే. మీ కారు అద్దానికి ముందే కంపెనీ రంగు ఉంది. వెలుగు రెండింటినీ దాటి రావాలి. అందుకే రెండు శాతాలనూ గుణించాలి.

కొన్ని ఉదాహరణలు చూడండి.

• పక్క అద్దం 75% వెలుగు వదులుతోందనుకుందాం. దాని మీద 50% ఫిల్మ్ వేస్తే లోపలికి వచ్చేది 37.5% మాత్రమే. పరిమితి 50%. తప్పింది.

• అదే అద్దం 70% వదిలేది అయి, మీద 70% ఫిల్మ్ వేస్తే 49% వస్తుంది. ఒక్క శాతం తేడాతో ఇదీ తప్పింది.

• ముందు అద్దం 75% వదులుతోంది. మీద దాదాపు పారదర్శకంగా ఉండే 90% ఫిల్మ్ వేశారు. లోపలికి వచ్చేది 67.5%. పరిమితి 70%. కంటికి తేడా తెలియదు, మీటరుకు తెలుస్తుంది.

కంపెనీలు అద్దాన్ని పరిమితికి కాస్త పైనే తయారు చేస్తాయి. ఆ పైన మీరు ఇంకేదైనా కలపడానికి మిగిలే చోటు చాలా తక్కువ. ఫిల్మ్ పెట్టె మీది అంకె చూసి డబ్బు కట్టవద్దని చెప్పేది ఇందుకే.

నలుపు ఎక్కువైతే చల్లదనం ఎక్కువా?

కాదు. సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కంటికి కనిపించే వెలుగు, కొద్ది భాగం అల్ట్రావయొలెట్. నల్ల రంగు ఆపేది ముఖ్యంగా కనిపించే వెలుగునే. చౌక నల్ల ఫిల్మ్ వేస్తే లోపల చీకటి పడుతుంది గానీ వేడి అనుకున్నంత తగ్గదు. పైగా నల్లటి పొర వేడిని పీల్చుకుని తానే వేడెక్కి, ఆ వేడిని లోపలికి వదులుతుంది.

కంపెనీ ఆకుపచ్చ గాజులో ఉన్న ఇనుము ఇన్‌ఫ్రారెడ్‌లో కొంత భాగాన్ని, అల్ట్రావయొలెట్‌లో కొంత భాగాన్ని పీల్చేస్తుంది. అందుకే కంటికి తెల్లగా కనిపిస్తూనే వేడిని కొంత తగ్గిస్తుంది. కొన్ని మోడళ్ల పై వేరియంట్లలో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ముందు అద్దం కూడా వస్తోంది. వేరియంట్ ఎంచుకునేటప్పుడు సన్‌రూఫ్, మ్యూజిక్ సిస్టం గురించి అడిగినట్టే దీని గురించి కూడా అడగండి.

లోహపు పూత ఉన్న ఫిల్ములకు ఇంకో సమస్య ఉంది. అవి రేడియో సంకేతాలను అడ్డుకుంటాయి. టోల్ గేట్ దగ్గర ఫాస్టాగ్ చదవకపోవడం, జీపీఎస్ తడబడటం జరగవచ్చు.

చర్మం, కళ్లు, పిల్లలు

ముందు అద్దం లామినేటెడ్ గాజు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొర అల్ట్రావయొలెట్‌ను దాదాపు పూర్తిగా ఆపుతుంది. పక్క అద్దాలు ఎక్కువ కార్లలో టెంపర్డ్ గాజు, ఒకే పలక. అది చర్మాన్ని మండించే యూవీ-బి కిరణాలను బాగా ఆపినా, యూవీ-ఏ కిరణాల్లో కొంత భాగాన్ని లోపలికి వదులుతుంది. రోజంతా కారు నడిపేవాళ్లకు కిటికీ వైపు చెయ్యి ఎక్కువ నల్లబడేది అందుకే.

ఎండ పడని చర్మవ్యాధి ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే కారు కొనేటప్పుడే యూవీ కట్ పక్క అద్దాలున్న వేరియంట్ చూసుకోవడం మేలు. చర్మ సమస్య ఉందన్న కారణంతో ఫిల్మ్‌కు 2012 తీర్పులో మినహాయింపు లేదు. డాక్టరు చీటీ చూపిస్తే వదిలేస్తారన్న నమ్మకంతో డబ్బు ఖర్చు పెట్టవద్దు. పొడుగు చేతుల బట్టలు, డాక్టరు చెప్పిన సన్‌స్క్రీన్, కిటికీకి దూరంగా మధ్య సీటు ఏ చట్టంతోనూ పేచీ లేని మార్గాలు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఆపి ఉంచిన కారులో పసిపిల్లల్ని, ముసలివాళ్లను వదిలి వెళ్లవద్దు. బయట 40 డిగ్రీల ఎండ ఉంటే మూసి ఉన్న కారు లోపల గంటలోపే 60 డిగ్రీల దాకా చేరగలదు. రంగు అద్దం దీన్ని ఆపలేదు. పైగా అద్దాలు నల్లగా ఉంటే లోపల ఒక బిడ్డ ఇబ్బంది పడుతున్న సంగతి దారిన పోయేవాళ్లకు కనిపించదు కూడా. ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం, నిద్ర చెడగొట్టడం ఎందుకు అనుకోవద్దు.

రాత్రి డ్రైవింగ్ సంగతి కూడా ఆలోచించండి. వయసు మీదపడేకొద్దీ కంటికి ఎక్కువ వెలుగు కావాలి. పగలు హాయిగా అనిపించిన నలుపే రాత్రి వానలో, లైట్లు లేని సర్వీస్ రోడ్డు మీద, పక్క నుంచి వచ్చే బైకును కనిపించనివ్వదు. అబ్బా నడిపే కారు అయితే ఇది ఇంకా ముఖ్యం.

పరదా సంగతి ఎలా?

మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఒకప్పుడు హైదరాబాద్ పాతబస్తీలో ఆడవాళ్లు ఎక్కే ఝట్కాలకు, రిక్షాలకు పరదా కట్టేవాళ్లు. ఆ అలవాటే తర్వాత కారు కిటికీ తెరల్లోకి, నల్ల ఫిల్ముల్లోకి వచ్చింది. అయితే తీర్పు తర్వాత అద్దాన్ని పరదాగా వాడుకునే దారి దాదాపు మూసుకుపోయింది. భద్రత ముందు వ్యక్తిగత సౌకర్యం వెనక్కి తగ్గాల్సిందే అన్నది కోర్టు వైఖరి. నల్ల అద్దాలు ఆడవాళ్లకు ఎప్పుడూ రక్షణే అనుకోవడం కూడా పొరపాటు. 2012 డిసెంబరులో ఢిల్లీలో ఒక యువతి మీద ఘోరం జరిగిన బస్సుకు నల్ల అద్దాలు, తెరలు ఉన్నాయన్న సంగతి దేశమంతా విన్నదే.

తెరల విషయానికి వస్తే, తీర్పులో "మరే ఇతర పదార్థం" అన్న మాట ఉంది. పోలీసులు తెరలను కూడా దీని కిందే చూస్తున్నారు. కేరళలో 2021 జనవరిలో "ఆపరేషన్ స్క్రీన్" పేరుతో ఫిల్ములతో పాటు కిటికీ తెరలు కూడా తీయించారు. బండి నడుస్తుండగా తెరలు, జాలీలు వేలాడదీయడం పేచీకి దారి తీస్తుంది. ముందు డోర్ల అద్దాలకు అయితే అసలే వద్దు, డ్రైవరు సైడ్ మిర్రర్ చూసేది వాటిలోంచే.

మరి ఏం చేయవచ్చు?

• పక్క అద్దాలు కంపెనీ నుంచే కాస్త ముదురు రంగులో, 50%కి తగ్గకుండా వచ్చే వేరియంట్ ఎంచుకోండి. పగటిపూట బయట వెలుగు ఎక్కువ, లోపల తక్కువ కాబట్టి ఆ మాత్రం రంగుకే వెనుక సీటులో ఉన్నవాళ్లు బయటివాళ్లకు స్పష్టంగా కనిపించరు.

• రాత్రి ఇది తలకిందులవుతుంది. లోపల లైటు వెలుగుతుంటే బయటివాళ్లకు అంతా కనిపిస్తుంది. నడుస్తున్నప్పుడు క్యాబిన్ లైటు ఆపేయండి.

• పసిబిడ్డకు పాలివ్వాల్సి వస్తే నీడ చూసి బండి ఆపండి. ఆపి ఉన్నప్పుడు మడత సన్‌షేడ్లు పెట్టుకోవచ్చు, బయలుదేరేటప్పుడు తీసేయాలి. ఇంజన్, ఏసీ ఆన్‌లో ఉంచి పెద్దవాళ్లు దగ్గరే ఉండాలి. పెద్ద చాదర్ ఒకటి కారులో ఎప్పుడూ ఉంచుకోవడం ఇంకా సులువు.

• తనిఖీకి ఆపితే క్యాబిన్ లైటు వేసి, డ్రైవరు వైపు అద్దం దించి మాట్లాడండి. లోపల కుటుంబం ఉందని కనిపిస్తే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

అమెరికాలో, దుబాయ్‌లో ఉన్నాయి కదా?

అమెరికాలో ఉన్న తమ్ముడి ఎస్‌యూవీకి వెనుక అద్దాలు కంపెనీ నుంచే నల్లగా వచ్చాయి, మనకెందుకు రావు అని చాలామంది అడుగుతారు. అక్కడి కేంద్ర ప్రమాణం వేరు. మామూలు కార్లకు అన్ని కిటికీలూ 70% ఉండాలి. ఎస్‌యూవీలు, వ్యాన్లు, పికప్‌లకు మాత్రం డ్రైవరు వెనుక ఉన్న అద్దాలు ఎంత ముదురు రంగులో అయినా ఉండవచ్చు. అందుకే అక్కడి ఎస్‌యూవీలకు దాదాపు 20% వెలుగు మాత్రమే వదిలే "ప్రైవసీ గ్లాస్" వస్తుంది. అదే మోడల్ మన దేశంలో అమ్మాలంటే మన అంకెలకు తగ్గట్టు వేరే అద్దం బిగించాలి.

గల్ఫ్ సంగతి వేరు. యూఏఈలో పక్క అద్దాలకు 50% దాకా టింట్ అనుమతిస్తారు, ముందు అద్దానికి మాత్రం కాదు. అక్కడ టింట్ శాతం అంటే ఎంత వెలుగు ఆపుతుంది అని లెక్క. మన దగ్గర చెప్పేది ఎంత వెలుగు వదులుతుంది అని. "30% టింట్" అని అక్కడివాళ్లు చెబితే మన లెక్కలో అది 70% వీఎల్‌టీ. మన దగ్గర "30% ఫిల్మ్" అంటే 30% మాత్రమే వెలుగు వదిలే నల్లటి ఫిల్మ్. వాట్సాప్‌లో భాయ్ చెప్పిన అంకెను ఇక్కడి షాపులో అలాగే చెప్పేస్తే లెక్క తలకిందులవుతుంది.

అద్దం మీది ముద్ర చూడటం నేర్చుకోండి

ప్రతి అద్దం మూలలో చిన్న తెల్ల ముద్ర ఉంటుంది. ఏఐఎస్, సెయింట్ గోబెయిన్ లాంటి తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 నంబరు, గాజు లామినేటెడా టెంపర్డా అన్న వివరం దాని మీద ఉంటాయి. ఇది మీ అద్దానికి గుర్తింపు కార్డు లాంటిది. తర్వాత అతికించిన ఫిల్మ్‌కు ఈ ముద్ర వర్తించదు. ప్రమాదంలో అద్దం పగిలి కొత్తది వేయించినప్పుడు కూడా ముద్ర ఉన్నదే వేయించండి. నాలుగు అద్దాల రంగూ ఒకేలా ఉందో లేదో చూసుకోండి.

కారు డెలివరీకి ముందు చేయాల్సినవి

1. బుకింగ్ రోజే యాక్సెసరీస్ చిట్టా అడగండి. "సన్ కంట్రోల్ ఫిల్మ్", "కూలింగ్ ఫిల్మ్" అన్న వరుస ఉంటే కొట్టేయించండి. ఫ్రీ అన్నా వద్దనే చెప్పండి.

2. మీ వేరియంట్‌కు కంపెనీ టింటెడ్ అద్దాలు ఉన్నాయా, వాటి వీఎల్‌టీ ఎంత అన్నది ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. నోటి మాట సిగ్నల్ దగ్గర పనికిరాదు.

3. డెలివరీ రోజు అద్దాలు దించి అంచులు చూడండి. ఆరు అద్దాల మీదా ముద్రలు ఉన్నాయో లేదో చూసి ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

4. ఇన్‌వాయిస్‌లో వేరియంట్ పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఈ అద్దం కంపెనీదే అని చూపించడానికి అదే ఆధారం.

పోలీసు ఆపితే

కంపెనీ రంగు అద్దమే అయితే కంగారు పడక్కర్లేదు. అద్దం సగం దించి ఫిల్మ్ అంచు లేదని చూపించండి. ముద్ర చూపించండి. ఈమెయిల్, ఇన్‌వాయిస్ ఉంటే చూపించండి. అయినా చలానా పడితే అక్కడ గొడవ పడకుండా ఫొటోలతో ట్రాఫిక్ పోలీసుల ఫిర్యాదు విభాగానికి రాయండి.

ఫిల్మ్ ఉంటే మాత్రం వాదన వద్దు. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్లీ దొరికితే 1,500 దాకా జరిమానా ఉంది. అక్కడికక్కడే కట్టే మొత్తాన్ని రాష్ట్రాలు విడిగా నిర్ణయిస్తాయి. డబ్బు కంటే ఇబ్బంది ఏమిటంటే, కుటుంబం లోపల కూర్చుని ఉండగానే రోడ్డు పక్కన బ్లేడుతో ఫిల్మ్ గీకడం. దానికంటే తీరిక ఉన్న రోజు ఇంటి దగ్గరే తీసేయడం నయం. హెయిర్ డ్రయ్యర్‌తో ఫిల్మ్‌ను వేడి చేసి మూల నుంచి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. మిగిలిన జిగురును సబ్బు నీళ్లతో తుడవాలి. వెనుక అద్దం మీద సన్నటి డీఫాగర్ గీతలుంటాయి, అక్కడ బ్లేడు పెడితే తెగిపోతాయి. ఆ ఒక్కటీ తెలిసిన మెకానిక్‌తో చేయించండి.

ఫిల్మ్ లేకుండా ఎండను తట్టుకునే మార్గాలు

బండి నీడలో ఆపండి. ఆపినప్పుడు ముందు అద్దానికి వెండి రంగు సన్‌షేడ్ పెట్టండి. ఎక్కే ముందు డోర్లన్నీ ఒక నిమిషం తెరిచి ఉంచితే లోపలి వేడి గాలి బయటికి పోతుంది. మొదటి రెండు నిమిషాలు అద్దాలు దించి ఏసీ నడిపి, తర్వాత అద్దాలు మూసి రీసర్క్యులేషన్ పెట్టండి. లేత రంగు సీటు కవర్లు వేయించుకోండి. నల్ల రెగ్జిన్ సీట్లు ఎండకు కాలిపోతాయి. వీటన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు మంచి ఫిల్మ్ ఖర్చు కంటే తక్కువే, చలానా భయం అసలే ఉండదు.

చివరగా గుర్తు పెట్టుకోవాల్సింది ఇంతే. అద్దంలో కలిసి వచ్చిన రంగు 70, 50 పరిమితిలో ఉంటే మీదే, ఎవరూ తీసేయమనలేరు. అద్దం మీద అతికించినది ఎంత ఖరీదైనదైనా పేచీయే. రంగు కావాలనుకుంటే కారు కొనకముందే వేరియంట్‌లో చూసుకోండి, కొన్న తర్వాత షాపులో వెతకవద్దు.